ఉప్పుటేరుల శాఖ జాజ్ బృందం

మా శాఖ పని ఉప్పుటేర్లను లెక్కలో ఉంచడం. కాకినాడ చుట్టుపక్కల సముద్రంలో కలిసే ఏరు ఎంత వెడల్పుంది, ఎంత లోతుంది, రోజుకు ఎన్ని పడవలు పోతున్నాయి, ఇవన్నీ రాసి పై కార్యాలయానికి పంపుతాం. అవి అందాయని పై కార్యాలయం మాకు రాస్తుంది. ఇరవై రెండేళ్లుగా పడవల లెక్క నాది. వంతెన మీద కుర్చీ వేసుకుని, గుప్పిట్లో ఇమిడే మీట యంత్రం పట్టుకుని, పడవ వచ్చినప్పుడల్లా ఒకసారి నొక్కుతాను. నా పేరు అచ్యుతరామయ్య. ఈ కథ మాత్రం నాది కాదు, మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు హైమావతి గారిది.

హైమావతి గారు శాక్సఫోన్ పట్టింది ముప్ఫై ఏడో ఏట. ఎవరిదో పెళ్లి రిసెప్షన్లో సాల్మన్ రాజు మాస్టారు పియానో వాయిస్తుంటే విని, భోజనం మానేసి ఆయన పక్కన నిలబడిపోయారట. మాస్టారు కుర్రతనంలో ప్రయాణికుల ఓడ మీద బ్యాండులో పనిచేసిన మనిషి. ఇప్పుడు చర్చిలో ఆర్గన్ వాయిస్తారు. మర్నాడే వెళ్లి నేర్పమంటే, మూడు నెలలు ఒకే స్వరం ఊదమని పంపేశారు. ఇంట్లో ఊదితే పక్కవాటావాళ్లు గోడ కొట్టేవారు. అందుకని ఆవిడ పొద్దున్నే ఆరింటికి మా వంతెన దగ్గరికి వచ్చేవారు. ఒడ్డున నిలబడి ఒకే స్వరం ఊదేవారు. నేను పడవలు లెక్కపెట్టేవాణ్ణి. మొదట్లో బెస్తవాళ్లు లాంచీ వస్తోందనుకుని పడవలు పక్కకు తీసేవారు.

జాజ్ గురించి నాకు తెలిసిందంతా ఆవిడ చెప్పిందే. ఒక పాట ఉంటుంది. మొదట ఉన్నది ఉన్నట్టు వాయిస్తారు. తర్వాత ఎవరికి తోచింది వాళ్లు అప్పటికప్పుడు అల్లుకుంటూ ఎక్కడికో పోయి, మళ్లీ పాట దగ్గరికి తిరిగొస్తారు. నిన్న అల్లింది ఇవాళ అల్లకూడదు. ఆవిడ మొదటి కార్యక్రమం ఎవరో పిల్లవాడి పుట్టినరోజు. అల్లుకుంటూ పోయి తిరిగి రావడం తెలియక, పాటను రెండుసార్లు ముగించారు. ఆ రాత్రి నోటు పుస్తకంలో రాసుకున్నారు: "వచ్చే నెల లక్ష్యం, ఇంటికి తిరిగి రావడం." అలా నెలనెలా ఒక లక్ష్యం రాసుకుంటూ నాలుగేళ్లలో ఒక ముగ్గురి బృందంలో నిలబడ్డారు. మాస్టారు పియానో, టైర్ల కొట్టు మస్తాన్‌వలీ డ్రమ్ములు, ఈవిడ శాక్సఫోన్. ప్రతి శనివారం సాయంత్రం ఏడింటికి మెయిన్ రోడ్డులో ఒక హోటలు మొదటి అంతస్తులో వాయించేవారు. అక్కడ జనం తినడానికి వస్తారు కాబట్టి ఎవరూ వినేవారు కాదు. ఆవిడకు అదే ధైర్యం.

సరిగ్గా అప్పుడు పై కార్యాలయం నుంచి ఉద్యోగుల అభిరుచి వికాస పథకం వచ్చింది.

"ఉద్యోగి యొక్క అభిరుచి వికసించనిచో ఉద్యోగి వికసించడు. ఉద్యోగి వికసించనిచో శాఖ వికసించదు" అని ఆ ఉత్తర్వు మొదలైంది. ప్రతి ఉద్యోగీ ఒక అభిరుచిని ప్రకటించాలి. మూడు నెలలకోసారి అందులో పది శాతం వృద్ధి చూపించాలి. వరుసగా రెండుసార్లు చూపించలేకపోతే ఆ అభిరుచి రద్దవుతుంది. దాని పరికరాలు కార్యాలయంలో జమ చేసి, శాఖ సూచించిన వేరే అభిరుచి చేపట్టాలి.

మా ఉప సంచాలకులు మార్కండేయులు గారు ఆ ఉత్తర్వును నిలబడి చదివారు. మేమూ నిలబడి విన్నాం. తర్వాత అందరం ఫారాలు నింపాం. సూపరింటెండెంటు విశ్వపతి గారు పత్రికా పఠనం అని రాశారు. ఇద్దరు ముగ్గురు ఆలోచించుట అని రాశారు. నేను నిద్ర అని రాశాను. నిద్ర ఇప్పటికే విధి నిర్వహణలో భాగంగా జరుగుతున్నందున ప్రత్యేక అభిరుచిగా పరిగణించజాలమని నా ఫారం తిరిగొచ్చింది.

సాక్ష్యంతో సహా అభిరుచి ఉన్నది ఆఫీసు మొత్తంలో హైమావతి గారికే. మార్కండేయులు గారు పొంగిపోయారు. అయితే సంగీతంలో వృద్ధిని ఎలా కొలవడం అన్న ప్రశ్న వచ్చింది. బాగా వాయించారా లేదా అన్నది అభిప్రాయం, అభిప్రాయాన్ని పట్టికలో వేయలేం. స్వరాలను లెక్కపెట్టవచ్చు. శాఖలో లెక్కపెట్టే యంత్రం ఒకటే ఉంది, నొక్కే మనిషి నేనొక్కణ్ణే. శనివారం సాయంత్రాలు నన్ను హోటలుకు డ్యూటీ వేశారు.

మొదటి శనివారం నేను ముందు బల్ల దగ్గర కూర్చుని, కట్‌లెట్ పక్కకు నెట్టి, ఆవిడ ఊదిన ప్రతి స్వరానికీ మీట నొక్కాను. పడవలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. స్వరాలు అలా రావు, గుంపులు గుంపులుగా మీద పడతాయి. నెమ్మది పాటల్లో ఊపిరి పీల్చుకున్నాను, వేగం పాటల్లో అందాజుగా నొక్కాను. తొమ్మిదింటికి నా బొటనవేలు వాచింది. యంత్రం మూడువేల నాలుగువందల పన్నెండు చూపించింది. మార్కండేయులు గారు ఆ అంకెను ఎర్ర సిరాతో ఫైల్లో వేసుకుని, వచ్చే త్రైమాసికానికి మూడువేల ఏడువందల యాభై మూడు లక్ష్యంగా నిర్ణయించారు.

అదే వారం, అక్కడ చర్చిలో, మాస్టారు ఆవిడకు వేరే లక్ష్యం ఇచ్చారు. ఆవిడ తర్వాత నాకు చెప్పిన ప్రకారం ఆయనన్న మాట ఇది.

"ఎక్కువ మాటాడేత్తున్నావమ్మాయ్. నీకొచ్చిందంతా ఒక్క పాటలోనే చెప్పేద్దారని చూడకు. నాలుగు తాళం దెబ్బలు ఊరుకో. ఊరుకున్నావని తెలియాలి వినేవోడికి. అది కూడా వాయింపేనమ్మా."

ఆవిడ ఆ మాట పట్టుకుని కూర్చున్నారు. పొద్దున్న వంతెన దగ్గర ఒక స్వరం ఊది, శాక్సఫోన్ దించకుండా కళ్లు మూసుకుని నిలబడేవారు. మళ్లీ ఒకటి ఊదేవారు. మధ్యలో నాలుగు పడవలు పోయేవి. ఊరుకోవడం ఊదడం కన్నా కష్టంగా ఉందండీ అని నాతో అన్నారు. మా ఆఫీసులో అందరికీ సులువేనే అనుకున్నాను గానీ పైకి అనలేదు.

త్రైమాసికం చివర లెక్క రెండువేల ఆరువందల ఎనిమిది. నాకు వినడానికి చాలా బాగుంది. కట్‌లెట్ కూడా తిన్నాను. సోమవారం ఆవిడ బల్ల మీద మెమో ఉంది: స్వరాల లోటు, పదకొండు వందల నలభై అయిదు. వారంలోగా సంజాయిషీ. మరోసారి లోటు వస్తే శాక్సఫోన్ రికార్డు గదిలో జమ చేసి ఊలు అల్లిక చేపట్టవలసి ఉంటుందని కూడా రాశారు.

ఆవిడ భయపడ్డారు. ఆ శనివారం మెమో తలలో పెట్టుకుని వాయించారు. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ స్వరాలు కుక్కారు. నెమ్మది పాటలో కూడా కుక్కారు. నా మీట టైపు మిషనులా కొట్టుకుంది. సగంలో సాల్మన్ మాస్టారు పియానో మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మస్తాన్ కూడా ఆపాడు. ఆవిడ ఒక్కరే ఇంకొన్ని స్వరాలు ఊది, చుట్టూ చూసి, ఆగిపోయారు. బల్లల దగ్గర జనం తింటూనే ఉన్నారు.

మెట్లు దిగుతూ ఆవిడ నన్నడిగారు: "ఎన్ని వచ్చాయండీ?"

నాలుగువేలు దాటాయని చెప్పాను. ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ లెక్క పంపొద్దని, సంజాయిషీ రాస్తానని అన్నారు. ఆ రాత్రి నా యంత్రం చేతిలోంచి జారి సున్నాకు పోయిందని నేను లాగ్ పుస్తకంలో రాశాను. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి.

ఆవిడ సంజాయిషీ నాలుగు వాక్యాలు. తన స్వరాలు తగ్గలేదని, కొన్నింటిని మౌనంగా వాయించానని, జాజ్‌లో మౌనం కూడా వాయింపే కనుక దాన్ని కూడా లెక్కించవలసిందని. మార్కండేయులు గారికి ఇది విధాన పరమైన ప్రశ్న అనిపించింది. పై కార్యాలయానికి పంపారు. నలభై రోజుల తర్వాత జవాబు వచ్చింది.

"మౌనమును స్వరముగా పరిగణించుటకు అభ్యంతరము లేదు. అయితే సదరు మౌనము ఉద్దేశపూర్వకమైనదనియు, అశ్రద్ధ వలన గాని, మరపు వలన గాని, ఊపిరి చాలకపోవుట వలన గాని సంభవించినది కాదనియు గెజిటెడ్ అధికారి ధ్రువీకరించవలెను. ఒక తాళపు దెబ్బ కాలము గల మౌనము ఒక స్వరముతో సమానము."

దాంతో శనివారాలు మార్కండేయులు గారు కూడా హోటలుకు రావడం మొదలుపెట్టారు. రబ్బరు ముద్ర, సిరా పెట్టె, ఫారాల కట్ట తెచ్చుకుని నా పక్కన కూర్చునేవారు. ఆవిడ ఊరుకున్నప్పుడల్లా ముఖంలోకి పరీక్షగా చూసి, ఉద్దేశం కనిపిస్తే ముద్ర కొట్టేవారు. ఒకసారి ఆవిడకు పొలమారి ఆగితే ముద్ర గాలిలోనే ఆపేశారు. తాళపు దెబ్బకు కొలమానం కావాలి కాబట్టి మస్తాన్‌వలీ కుడికాలిని శాఖ అధికారిక కొలమానంగా గుర్తించింది. ఆ మేరకు అతనికి ఉత్తరం వచ్చింది. కొట్లో టైరు మీద కూర్చుని రెండుసార్లు చదివించుకుని, ఎడమకాలికేం లోటని అడిగాడు. దానికి ప్రత్యేకంగా దరఖాస్తు చేసుకోవాలని చెప్పాను.

ఆవిడ గండం గడిచింది. స్వరాలు, మౌనాలు కలిపి లక్ష్యం దాటారు. శాక్సఫోన్ ఆవిడ దగ్గరే ఉంది. కథ ఇక్కడ ఆగిపోవలసింది, కానీ విశ్వపతి గారు ఆ మౌనం ఉత్తర్వును ఇంటికి తీసుకువెళ్లి చదివారు.

పత్రికా పఠనంలో ఆయన చిక్కుల్లో ఉన్నారు. ఇంటికొచ్చే పత్రిక ఒక్కటే, పది శాతం ఎక్కువ చదవడానికి అందులో ఏమీ మిగల్లేదు. ఉత్తర్వును ఆయన అక్షరం అక్షరం చదివి ఒక సంగతి కనిపెట్టారు. మౌనాలు ఇన్నింటికి మించకూడదని లేదు. శబ్దాలు కనీసం ఇన్ని ఉండాలని ఎక్కడా లేదు. మర్నాడే అభిరుచి మార్పుకు దరఖాస్తు పెట్టారు. కొత్త అభిరుచి జాజ్. వాద్యం క్లారినెట్. జగన్నాథపురంలో ఒక బ్యాండు మేళం వాళ్ల దగ్గర అరువు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. ఉద్దేశపూర్వకంగా ఊదకుండా పది నుంచి ఐదు దాకా కూర్చున్నారు, భోజనం వేళ మినహాయించి. మస్తాన్ కుడికాలి లెక్కన నిమిషానికి వంద దెబ్బలు. సాయంత్రానికి ముప్ఫై ఆరువేల స్వరాలు. మార్కండేయులు గారు ఆయన ముఖంలో ఉద్దేశం వెతికి, దొరికిందని సంతకం చేశారు.

రెండు వారాల్లో ఆఫీసంతా జాజ్‌లోకి మారింది. డఫేదారు తాళాలు తెచ్చుకున్నాడు. టైపిస్టు వాళ్ల మామగారి ఫిడేలు తెచ్చింది. బాకాలు, సన్నాయిలు, ఒక హార్మోనియం, ఎవరో వేణువు అనుకుని తెచ్చిన ఇనప గొట్టం. మొత్తం నలభై ఆరుగురు. నాకు వాద్యం దొరకలేదు కాబట్టి లెక్కింపుకే ఉంచారు. కౌంటరు దగ్గరికి వచ్చిన జనం అర్జీ పట్టుకుని నిలబడితే, లోపల సాధన జరుగుతోందని బోర్డు చూపించేవాళ్లం. పని ఎప్పటిలాగే సాగుతోంది కనుక ఎవరికీ తేడా తెలియలేదు.

త్రైమాసిక ఫలితాల్లో జిల్లా మొత్తం జాజ్ ఉత్పత్తి కోట్ల స్వరాలకు చేరింది. విశ్వపతి గారు ప్రథములు. హైమావతి గారు నలభై ఆరుగురిలో నలభై ఆరోవారు. శబ్దం చేసి సమయం పాడుచేసుకుంటున్నారని వ్యాఖ్య రాశారు. బలహీన సభ్యురాలికి మార్గదర్శకుణ్ణి నియమించాలన్నది నిబంధన. విశ్వపతి గారిని నియమించారు.

ఆయన సిగ్గుపడుతూనే ఆవిడ బల్ల దగ్గరికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. తనకేమీ రాదని ఆయనకు తెలుసు, ఆవిడకూ తెలుసు. మార్గదర్శక రిజిస్టరులో ఏదో ఒకటి రాయాలి గదా అని ఆవిడే అన్నారు. "ఊదవద్దని సూచించితిని" అని ఆయన రాశారు, ఆవిడ సంతకం పెట్టారు. పోతూ పోతూ ఆయన, ఆ క్లారినెట్ గొట్టం మీద వేళ్లు ఏ బెజ్జం మీద పెడతారో చూపించమని అడిగారు. కూర్చున్నప్పుడు సరిగ్గా కనపడాలి గదా అన్నారు.

ఈ ఘనత రాజధానికి చేరింది. ప్రధాన కార్యదర్శి గారు స్వయంగా వచ్చి చూస్తామన్నారు. టౌను హాలులో వికాస దినోత్సవం ఏర్పాటైంది. ఒకే అంశం: ఇరవై నిమిషాల సామూహిక మౌనం, రెండువేల దెబ్బలు, నలభై ఆరుగురు కళాకారులు. రిహార్సళ్లు వారం రోజులు జరిగాయి. డఫేదారు ఒకసారి తాళాలు జారవిడిచినందుకు అతనికి తాళాల మధ్య దూది పెట్టించారు. హైమావతి గారికి విడిగా మెమో ఇచ్చారు. ఆమె పూర్వ చరిత్ర దృష్ట్యా వెనక వరస చివర కూర్చోవాలని, వాద్యాన్ని పెదవులకు తాకించవచ్చునే గాని అంతకు మించరాదని.

ఆవిడ ఆ మెమో పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లారు. నేనూ తోడు వెళ్లాను. శలవు పెట్టేస్తానని, ఇదంతా చూస్తుంటే అసలు వాయించాలనే అనిపించట్లేదని ఆవిడన్నారు. మాస్టారు మెమో అంతా చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నలభై అయిదుమంది ఒక్కసారే ఊరుకోడం నేను ఓడ మీద కూడా వినలేదమ్మాయ్," అన్నారు. "ఎల్లు. ఎల్లి కూర్చో. ఊరికే విను."

హాలు నిండిపోయింది. ఎక్కువగా మా ఇళ్లవాళ్లే. ప్రధాన కార్యదర్శి మేడమ్ గారు ముందు వరసలో, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వేదిక మీద మూడు వరసల్లో వాద్యాలు తళతళలాడుతున్నాయి. అన్నిటికన్నా ముందు ఒక కుర్చీలో మస్తాన్‌వలీ, ఉతికిన తెల్ల చొక్కాతో, అధికారిక కుడికాలితో. మార్కండేయులు గారు చెయ్యి ఎత్తి దించారు. మస్తాన్ కాలు కదిలింది. నేను మీట నొక్కడం మొదలుపెట్టాను.

మొదటి ఐదు నిమిషాలు జనం దగ్గారు. ఎవరిదో పాప, నాన్న ఎప్పుడు వాయిస్తాడని అడిగింది. ఎనిమిదో నిమిషానికి నవ్వులు వచ్చి ఆగిపోయాయి. తర్వాత ఏమైందో నాకు సరిగ్గా చెప్పడం రాదు. హాలంతా నెమ్మదించింది. పంకాల చప్పుడు, మస్తాన్ చెప్పు చప్పుడు, బయట రోడ్డు మీద లారీ గేరు మార్చిన చప్పుడు, అన్నీ వేటికవి విడివిడిగా వినిపించాయి. ప్రధాన కార్యదర్శి గారు ఫోను బోర్లా పెట్టారు. మూడువందల మంది వింటున్నారు. వినడానికి ఏమీ లేదు గనక ఇంకా గట్టిగా వింటున్నారు.

పద్నాలుగో నిమిషంలో వెనక వరసలోంచి ఒక స్వరం వచ్చింది.

చాలా మెల్లగా వచ్చింది. పొద్దున్న వంతెన దగ్గర వినేదే. ఒకటి, కాసేపాగి రెండోది. తర్వాత నాలుగు దెబ్బలు ఏమీ లేదు. మార్కండేయులు గారు సగం లేచారు. ఆ నాలుగు దెబ్బల్లోనూ హాల్లో ఎవరూ ఊపిరి తియ్యలేదు కాబట్టి ఆయనా ధైర్యం చాలక మళ్లీ కూర్చున్నారు. హైమావతి గారు కూర్చునే, కళ్లు మూసుకుని, ఇంకో మూడు స్వరాలు ఊదారు. మళ్లీ ఆగారు. మస్తాన్ ఎడమకాలు కూడా కదపడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆ చిన్న పాటను పట్టుకుని ఎక్కడికో పోయారు, మాకెవరికీ తెలియని చోటుకి పోయారు, తీరిగ్గా తిరిగొచ్చారు. మూడు నిమిషాలుంటుందేమో. స్వరాలు మొత్తం అరవై కూడా ఉండవు. అది కూడా అందాజే, ఎందుకంటే నేను నొక్కలేదు. మీట నా చేతిలో ఉందన్న సంగతే గుర్తులేదు.

ఎందుకు ఊదారని తర్వాత అడిగితే, ముందుగా అనుకోలేదని చెప్పారు. అన్నాళ్లుగా ప్లేట్ల చప్పుడులో వాయించిన తనకు అంత ఖాళీ ఎవరూ ఇవ్వలేదని, అది పాడైపోతుందేమోనని భయపడుతూనే ఊదానని అన్నారు.

ఇరవై నిమిషాలు అయ్యాక జనం లేచి చప్పట్లు కొట్టారు. మార్కండేయులు గారు చెమటలు తుడుచుకుంటూ వెళ్లి, వెనక వరసలో జరిగిన శబ్దానికి చింతిస్తున్నామని, బాధ్యులపై చర్య తీసుకుంటామని ప్రధాన కార్యదర్శి గారితో అన్నారు.

"అది ఇంకాసేపు ఉంటే బాగుండేదండీ," అని మేడమ్ గారు అన్నారు. లేవబోయి మళ్లీ కాసేపు కూర్చుని వెళ్లారు.

ఇంకాసేపు అంటే ఎన్ని స్వరాలన్నది ఆమె చెప్పలేదు. స్పష్టత కోరుతూ మేము ఉత్తరం రాశాం. జవాబు వచ్చేలోగా పథకమే మారిపోయింది. సంగీతం తీసేసి, ప్రతి ఉద్యోగీ పెరట్లో బీరపాదు పెంచి మూడు నెలలకు పది శాతం పొడుగు చూపించాలన్నారు. శబ్దం చేసినందుకు హైమావతి గారికి ఒక మెమో, శాఖకు పేరు తెచ్చినందుకు ఒక ప్రశంసాపత్రం ఒకే రోజు, ఒకే కవరులో వచ్చాయి. ఆవిడ రెండూ ఫైలు చేసి, శనివారం హోటలుకు వెళ్లారు. డ్యూటీ లేకపోయినా నేనూ వెళ్లాను.

వాద్యాలన్నీ ఎవరివి వాళ్లకు తిరిగి వెళ్లాయి. క్లారినెట్ మాత్రం వెళ్లలేదు. బ్యాండు మేళం వాళ్లు రెండుసార్లు మనిషిని పంపితే విశ్వపతి గారు రేపు, ఎల్లుండి అన్నారు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన దాన్ని గుడ్డలో చుట్టుకుని హైమావతి గారి దగ్గరికి వచ్చారు. రిటైర్మెంటుకు రెండేళ్లున్న మనిషి, పిల్లాడిలా అటూ ఇటూ చూశారు.

"అమ్మా, ఆవేళ స్టేజీ మీద మీరు ఊదుతుంటేనండి, ఇది నా నోటి దగ్గరే ఉంది. ఒక్కసారి ఊదేద్దారనిపించింది. ఎలా ఆపుకున్నానో నాకే తెలీదండి. అప్పట్నుంచీ నిద్ర పట్టట్లేదు."

ఆవిడ నవ్వలేదు. రికార్డు గది తాళం తీయించి, పాత లోతుల రిజిస్టర్ల మధ్య ఆయన్ని ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. పెదవి ఎలా పెట్టాలో, గాలి ఎక్కడి నుంచి తియ్యాలో చెప్పారు. ఆయన బుగ్గలు పూరించి ఊదారు. గాలి మాత్రమే వచ్చింది. మళ్లీ ఊదారు. మూడోసారి కిటికీ అద్దాలు అదిరేలా ఒక అరుపు వచ్చింది. పక్క ఆఫీసులోంచి ఇద్దరు ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

విశ్వపతి గారి ముఖం ఎర్రగా కందిపోయింది. క్లారినెట్ దించి అడిగారు.

"వచ్చిందాండీ?"

"వచ్చిందండి," అన్నారు హైమావతి గారు. "ఇంకోసారి ఊదండి."